పది మైక్రోగ్రాముల గాలిని తయారు చేయడం ఎలా? ధూళి సెన్సార్ల పరీక్షకు సాయం కావాలి

వంశధార_బడి (గుణుపురం, రాయగడ జిల్లా) | జూలై 6, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. గుణుపురం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. మా పిల్లలు, చుట్టుపక్కల బడుల పిల్లలు కలిసి గాలిలోని ధూళిని కొలుస్తున్నారు. లేజరు కాంతితో పని చేసే చిన్న సెన్సార్లు ఆరు కొన్నాం. మూడు పట్టణంలో ఉన్నాయి, మూడు కొండ ఊళ్ల బడుల్లో ఉన్నాయి. రోజూ ఉదయం పది గంటలకు పిల్లలు అంకె చూసి నల్లబల్ల మీద రాస్తారు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో కొండల మీద పోడు కాల్చేటప్పుడు పీఎం 2.5 (2.5 మైక్రాన్లకన్నా సన్నని ధూళి, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అంకెలు ఘనమీటరు గాలికి వంద మైక్రోగ్రాములు దాటాయి. అప్పుడు ఆరూ ఇంచుమించు ఒకే మాట చెప్పాయి. వానలు మొదలయ్యాక చిక్కు వచ్చింది. బస్టాండు దగ్గరి సెన్సార్ 7 చూపిస్తుంటే కొండ మీద ఒక బడిలోది 20కి తగ్గడం లేదు. అక్కడ చదివేది సవర పిల్లలు. "మా ఊరి గాలి బస్టాండు గాలికన్నా చెడ్డదా టీచర్?" అని ఒక అమ్మాయి అడిగింది. చుట్టూ అడవి, పొయ్యి పొగ తప్ప మరో పొగ లేదు. ఆ పిల్లకు నేను జవాబు చెప్పలేకపోయాను.

గత ఆదివారం ఆరింటినీ తెచ్చి ఒకే బల్ల మీద పెట్టాను. ఒకే గదిలో, ఒకే గాలిలో వచ్చిన అంకెలు ఇవి: 21, 7, 12, 9, 16, 11. అగరుబత్తి వెలిగిస్తే అన్నీ 900 దాటి దగ్గర దగ్గరగా నిలిచాయి. అంటే ఎక్కువ ధూళిలో కలుస్తున్నాయి, తక్కువలో విడిపోతున్నాయి. పది, పదిహేను మైక్రోగ్రాముల గాలిని నేనే తయారు చేసి వీటిని పరీక్షించాలి. ఎలా చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

---

బరంపురం_అలారం (బరంపురం, గంజాం జిల్లా) | జూలై 6, రాత్రి 10:02

టీచర్ గారూ, అగరుబత్తిని పక్కన పెట్టండి. నేను పద్నాలుగేళ్లుగా అగ్నిప్రమాద హెచ్చరిక పరికరాలు అమర్చే పని చేస్తున్నాను. పరికరం మోగుతుందా లేదా అని చూడడానికి పొగ చాలు. ఎంత పొగకు మోగుతుందో తెలియాలంటే పొగ పనికిరాదు. వెలిగించిన మొదటి నిమిషంలో ఉన్న కణాలు పదో నిమిషంలో ఉండవు, ఒకదానికొకటి అంటుకుని పెద్దవైపోతాయి. బత్తి బత్తికీ తేడా, గాలి కదలికకూ తేడా. అందుకే యూరప్ ప్రమాణం ఈఎన్ 54-7 కింద పొగ డిటెక్టర్ల స్పందన విలువను కొలిచేటప్పుడు గాలి సొరంగంలో పారఫిన్ నూనె తుంపరను వాడతారు. దూది, కట్టె, పాలియురేథేన్ నురుగు, హెప్టేన్ కాల్చే పరీక్షలు వేరుగా ఉంటాయి. మొదటిది కొలత, రెండోది నిజమైన మంటకు పరికరం ఎలా ప్రవర్తిస్తుందో చూడడం.

మీకు నూనె తుంపర అవసరం లేదనుకుంటాను. రాయగడ పెద్దాయన ఈ వేదికలోనే ఉన్నారు, ఆయన చెబితే బాగుంటుంది.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా) | జూలై 6, రాత్రి 10:40

మేడమ్, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇళ్లలో నెబ్యులైజర్ ఉంటుంది కదా, అందులో ఉప్పు నీళ్లు పోస్తే తుంపర వస్తుంది. నీరు ఆరిపోయాక ఉప్పు కణం మిగులుతుంది. తక్కువ ధూళి కావాలంటే ఉప్పు తక్కువ వేస్తే చాలదా?

---

పాత_ప్రయోగశాల (రాయగడ) | జూలై 7, ఉదయం 6:25

పర్లాకిమిడి బాబూ, నెబ్యులైజర్ మంచి ఆలోచన. రెండో సగం మాత్రం తప్పు. ఈ పనిలో అడుగుపెట్టిన ప్రతివాడూ ముందు అక్కడే పడతాడు కాబట్టి వివరంగా రాస్తాను.

నెబ్యులైజర్ చిమ్మే నీటి చుక్క సుమారు 4 మైక్రాన్ల వ్యాసం ఉంటుందనుకో. లీటరు నీటికి 10 గ్రాముల ఉప్పు, అంటే ఒక శాతం ద్రావణం పోశావు. ఉప్పు సాంద్రత 2.16. చుక్క ఘనపరిమాణంలో ఉప్పు వాటా వెయ్యికి 4.6 పాళ్లు. దాని ఘనమూలం 0.167. నాలుగుతో గుణిస్తే 0.67 మైక్రాన్లు. ఆరిన ఉప్పు కణం వ్యాసం అది. లేజరుకు చక్కగా కనిపిస్తుంది.

ఇప్పుడు ధూళి వెయ్యో వంతు కావాలని ఉప్పును వెయ్యో వంతుకు తగ్గించావనుకో. చుక్కల సంఖ్య తగ్గలేదు. చుక్కలోని ఉప్పు తగ్గింది. కణం బరువు వెయ్యో వంతు, వ్యాసం పదో వంతు అయింది, అంటే 0.067 మైక్రాన్లు. ఈ రకం సెన్సార్లకు చూపు 0.3 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. గాలి నిండా కణాలు ఉంటాయి, సెన్సార్ సున్నా చూపిస్తుంది, నువ్వేమో గాలి శుభ్రంగా ఉందనుకుంటావు.

కాబట్టి నీటిలో పలుచన చేయకూడదు, గాలిలో చేయాలి. కణం పరిమాణాన్ని ద్రావణంతో నిర్ణయించు. కణాల సంఖ్యను శుభ్రమైన గాలితో తగ్గించు. ఈ రెండు పనులూ ఒకదానితో ఒకటి కలవకుండా చూసుకుంటే సగం పని అయినట్టే.

టీచర్ గారూ, ఎంత పలుచన కావాలో చూడండి. ఇళ్లలో వాడే నెబ్యులైజర్ నిమిషానికి సుమారు 0.3 మిల్లీలీటర్ల ద్రావణాన్ని తుంపర చేస్తుంది. ఒక శాతం ద్రావణమైతే నిమిషానికి 3 మిల్లీగ్రాముల ఉప్పు. దాన్ని నిమిషానికి 10 లీటర్ల గాలిలో కలిపితే ఘనమీటరుకు 3,00,000 మైక్రోగ్రాములు అవుతుంది. మీకు కావలసింది 15. ఇరవై వేల రెట్లు పలుచన చేయాలి. కణాలను పుట్టించడం ఎవరికైనా వస్తుంది. కొన్నే పుట్టించి, అవి ఎన్నో తెలుసుకోవడమే విద్య.

19వ శతాబ్దం చివర్లో స్కాట్లాండ్‌లో జాన్ ఐట్కెన్ గాలిలోని ధూళి కణాలను లెక్కపెట్టాడు. గది గాలిలో కణాలు మరీ ఎక్కువగా ఉండి లెక్క కుదరదు. అందుకని కొలిచిన కొద్దిపాటి గాలిని దూదితో వడపోసిన ఎక్కువ గాలిలో కలిపాడు. తేమ పట్టించి, కణాల మీద ఏర్పడిన చుక్కలను గళ్లు గీసిన వెండి పలక మీద భూతద్దంతో లెక్కపెట్టాడు. మీరు చేయబోయేదీ అదే పని. పద్ధతి సాయంత్రం రాస్తాను, పొలానికి వెళ్లాలి.

---

మహేంద్రతనయ | జూలై 7, ఉదయం 8:15

గురువు గారూ, ఘనమూలం సంగతి నాకు తట్టనే లేదు. ధన్యవాదాలు. ఇంకో సందేహం. పాలిస్టైరీన్ లేటెక్స్ గోళీలు (కంటికి కనిపించనంత సన్నని ప్లాస్టిక్ ఉండలు) సీసాల్లో అమ్ముతారు కదా, అన్నీ ఒకే సైజులో ఉంటాయి. అవి వాడితే ఈ లెక్కలే అక్కర్లేదేమో?

---

పాత_ప్రయోగశాల | జూలై 7, రాత్రి 7:50

అక్కర ఉంటుంది బాబూ. లేటెక్స్ గోళీలు ధర ఎక్కువ, ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. అదలా ఉంచు. ఒక చుక్కలో రెండు గోళీలు పడితే ఆరాక రెండూ అంటుకుని ఒకే పెద్ద కణంలా కనిపిస్తాయి. అలా జరగకుండా చాలా పలుచగా కలపాలి. అప్పుడు ఎక్కువ చుక్కలు ఖాళీగా పోతాయి. గోళీలు నీటిలో అంటుకోకుండా సీసాలో సబ్బు లాంటి పదార్థం కలుపుతారు. ఖాళీ చుక్క ఆరితే ఆ పదార్థం చిన్న కణంగా మిగులుతుంది. శుభ్రమైన గదుల కోసం వాడే కణ గణన యంత్రాల పరిమాణ పరీక్షకు అవి తప్పనిసరి, ఐఎస్ఓ 21501-4 ప్రమాణం ఉన్నది అందుకే. బడి సెన్సార్లకు ఉప్పే మేలు.

టీచర్ గారూ, మీరు సమకూర్చుకోవలసినవి చెబుతాను. 200 లీటర్ల కొత్త ఇనుప పీపా ఒకటి, నూనె వాసన ఉన్నది వద్దు. మూత ఉన్న 20 లీటర్ల స్టీలు పాల క్యాను ఒకటి. కంప్యూటర్ లోపలి చిన్న ఫ్యాను ఒకటి. చేపల తొట్టి పంపు, హెపా ఫిల్టర్లు (సన్నని ధూళిని కూడా ఆపే వడపోతలు) రెండు, సూది లేని 100 మిల్లీలీటర్ల సిరంజి. గాజుది దొరికితే ఇంకా మంచిది.

ఆరు సెన్సార్లనూ పీపా మధ్య ఎత్తులో ఒకే వరుసలో వేలాడదీయండి. ఫ్యాను నెమ్మదిగా తిరగాలి. పంపు గాలిని హెపా గుండా పీపాలోకి పంపండి, ఎదురు వైపు చిన్న రంధ్రం గుండా బయటికి పోనివ్వండి. లోపల ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువగా ఉంటుంది కాబట్టి సందుల్లోంచి గది గాలి చొరబడదు. పంపు ఎంత ఇస్తుందో తెలియాలంటే నీళ్లు నింపిన లీటరు సీసాను బకెట్‌లో బోర్లించి గొట్టం దాని కిందికి పెట్టండి. 6 సెకన్లలో సీసాలోని నీరంతా గాలికి దిగిపోతే నిమిషానికి 10 లీటర్లు.

మొదటి పని ఉప్పు కలపడం కాదు. గంటన్నర సేపు శుభ్రమైన గాలి మాత్రమే పంపి ఆరు అంకెలూ రాయండి. సున్నా దగ్గర ఎవరు ఎక్కడ నిలిచారో అప్పుడు తెలుస్తుంది. తరవాత నెబ్యులైజర్‌లో ఉప్పు లేని డిస్టిల్డ్ నీళ్లు పోసి అంతా ఒకసారి చేయండి. కుళాయి నీటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల లవణాలు ఉంటే ఉప్పు వేయకుండానే 0.2 మైక్రాన్ల కణాలు పుడతాయి. మీ నీళ్లు ఎంత శుభ్రమో ఈ పరీక్ష చెబుతుంది.

ఆ తరవాత ఒక శాతం ఉప్పు నీటితో పాల క్యానులోకి 12 సెకన్లు తుంపర పట్టండి. 0.6 మిల్లీగ్రాముల ఉప్పు 20 లీటర్లలో చేరుతుంది, అంటే ఘనమీటరుకు 30,000 మైక్రోగ్రాములు. ఒకటి రెండు నిమిషాలు ఆరనిచ్చి, సిరంజితో 100 మిల్లీలీటర్లు నెమ్మదిగా లాగి పీపాలోకి వదలండి. రెండు వేల రెట్లు పలుచన. లెక్క ప్రకారం 15 మైక్రోగ్రాములు. నాలుగు సిరంజిలు వదిలితే 60. నెబ్యులైజర్ కంప్రెసర్ లాక్కునే గాలికి కూడా ఫిల్టర్ పెట్టడం మరిచిపోకండి, లేకపోతే గది ధూళి కూడా లోపలికి వెళుతుంది. ప్రతిసారీ ద్రావణం కొత్తగా పోయండి. వాడే కొద్దీ నీరు ఆవిరై అడుగున ఉప్పు చిక్కబడుతుంది.

---

బల్లార్షా_గనులు (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా) | జూలై 8, ఉదయం 7:05

పెద్దాయన చెప్పిన ఇనుప పీపాను దయచేసి ఎవరూ ప్లాస్టిక్ డబ్బాగా మార్చకండి. నేను అక్రిలిక్ పెట్టె చేయించి మూడు నెలలు పోగొట్టుకున్నాను. మా చంద్రపూర్ వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమే ఉండదు. అప్పుడే పుట్టిన తుంపర కణాల మీద విద్యుదావేశం ఉంటుంది, పొడి ప్లాస్టిక్ గోడ మీదా ఉంటుంది. కణాలు గోడకు అతుక్కుపోతాయి. పెట్టెలో వదిలినదానిలో సగం కొన్ని నిమిషాల్లోనే మాయమయ్యేది. నేను సెన్సార్లను అనుమానించాను. లోపల అల్యూమినియం రేకు అంటించి ఎర్తు తీగ కలిపాకే కుదురుకుంది. పెద్ద ప్రయోగశాలల్లో ఈ ఆవేశాన్ని సరిచేయడానికి క్రిప్టాన్-85 లాంటి రేడియోధార్మిక మూలకాలో, మెత్తని ఎక్స్-కిరణాలో వాడతారు. అవి మన చేతికి వచ్చేవి కావు. ఇనుము, ఎర్తు తీగ, పొట్టి గొట్టాలు, ఇవే మన మందు.

అయితే ఒక విషయంలో నాది వేరే అభిప్రాయం. ఉప్పుతో సరిచూసిన సెన్సార్ బొగ్గు ధూళిని, పోడు పొగను సరిగ్గా కొలుస్తుందని అనుకోకూడదు. ఉప్పు కణం కాంతిని చెదరగొడుతుంది. మసి కాంతిని మింగేస్తుంది. సాంద్రతలూ వేరు. మా చంద్రపూర్‌లో కాలుష్య నియంత్రణ మండలి నిరంతర కొలత కేంద్రాలు ఉన్నాయి. అలాంటి కేంద్రం పక్కన నెల రోజులు పెట్టి పోల్చడమే అసలైన పరీక్ష. పీపా పని అక్కడికి సమానం కాదు.

---

పాత_ప్రయోగశాల | జూలై 8, రాత్రి 8:30

బల్లార్‌పూర్ తమ్ముడు చెప్పింది నిజం. పీపా గాలి పోడు గాలి కాదు, ఒప్పుకుంటున్నాను. కానీ టీచర్ గారి ప్రశ్న "ఎంత పొగ ఉంది" అని కాదు, "ఆరు సెన్సార్లూ ఒకే గాలికి ఆరు అంకెలు ఎందుకు చెబుతున్నాయి" అని. దానికి పీపా జవాబు చెప్పగలదు. కేంద్రం పక్కన పెడితే గాలి తన ఇష్టం వచ్చినట్టు మారుతుంది, తక్కువ ధూళి ఉన్న గంటలు మనం కోరినప్పుడు రావు. రెండూ కావాలి, ముందు పీపా.

ఇంకో సౌకర్యం ఉంది. సిరంజితో వదిలిన మొత్తం అటూ ఇటూ అయినా భయం లేదు. 60 దగ్గర మొదలుపెట్టి ఊరికే వదిలేయండి. 200 లీటర్ల పీపాలోకి నిమిషానికి 10 లీటర్ల శుభ్రమైన గాలి వెళుతుంటే ప్రతి 14 నిమిషాలకు గాఢత సగమవుతుంది. 60, 30, 15, 7.5, ఇలా గంటలోపు నాలుగు దగ్గరికి దిగుతుంది. ఆ దిగడం మన చేతిలో ఉంది, దానికి గణితం ఉంది. సంవర్గమాన కాగితం (నిలువు గళ్లు రెట్ల లెక్కన ఉండే లాగ్ గ్రాఫు కాగితం) మీద నిలువుగా గాఢత, అడ్డంగా సమయం వేస్తే సరళరేఖ రావాలి.

అసలు విషయం ఇక్కడ ఉంది టీచర్ గారూ. ఒక సెన్సార్ గీత మిగతావాటికి సమాంతరంగా పైకో కిందికో జరిగి ఉంటే అది గుణకారపు తప్పు, ఎప్పుడూ ఇన్ని రెట్లు తక్కువో ఎక్కువో చెబుతోంది. గీత మొదట్లో మిగతావాటితో కలిసి నడిచి, కింద చదునుగా వంగిపోతే అది కూడికపు తప్పు, గాలి ఎలా ఉన్నా ఒక అంకెను కలిపి చెబుతోంది. రెండూ వేరు వేరు జబ్బులు, మందులూ వేరు. సరైన అంకె తెలియకపోయినా జబ్బేదో తెలుస్తుంది.

ఎక్కువ ధూళిలో మీ సెన్సార్లన్నీ కలిసినట్టు కనిపించడానికి కారణం కూడా అదే కావచ్చు. 900 మీద 10 కలిస్తే ఎవరి కంటికీ ఆనదు. 10 మీద 10 కలిస్తే రెట్టింపు. ఈ రకం సెన్సార్ల వివరాల కాగితంలో వంద లోపు ప్లస్ లేదా మైనస్ 10 మైక్రోగ్రాముల తేడా ఉండవచ్చని రాసి ఉంటుంది, చూడండి. మన దేశపు రోజువారీ హద్దు 60తో పోల్చేటప్పుడు ఆ పది పెద్దగా బాధించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన 15తో పోల్చేటప్పుడు ఆ పదే మొత్తం కథను మార్చేస్తుంది.

---

వంశధార_బడి | జూలై 13, రాత్రి 9:40

అందరికీ ధన్యవాదాలు. పీపా, పాల క్యాను దొరికాయి. మా ఇంట్లో పాత నెబ్యులైజర్ ఉంది. ఈ ఆదివారం నలుగురు పిల్లలతో కలిసి చేశాను. శుభ్రమైన గాలి పరీక్ష బాగానే నడిచింది, అంకెలు రాసుకున్నాం. ఉప్పు వదిలాక అంతా గందరగోళమైంది. మూడు సిరంజిలు వదిలితే అన్ని సెన్సార్లూ వంద దాటాయి. రెండోసారి చేస్తే 70. మూడోసారి మళ్లీ 130. ఉదయం నుంచి ముసురు, గదిలో తేమ 88 శాతం. తప్పు ఎక్కడ జరిగింది?

---

పాత_ప్రయోగశాల | జూలై 14, ఉదయం 6:10

తప్పు మీది కాదమ్మా, నేను చెప్పడం మరిచాను. ఎండాకాలంలో చేసే అలవాటుతో రాశాను.

ఉప్పు కణానికి ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది నీటిని లాక్కుని మళ్లీ చుక్క అయిపోతుంది. 85 శాతం దగ్గర దాని వ్యాసం పొడిగా ఉన్నప్పటికి రెండింతల దాకా పెరుగుతుంది. వ్యాసం రెండింతలైతే ఘనపరిమాణం ఎనిమిదింతలు. మీ సెన్సార్ ఉప్పును కాక నీటిని కొలిచింది. వెనక్కి రావడం కూడా అంత తేలిక కాదు. ఒకసారి చుక్క అయ్యాక 75 కిందికి దిగినంత మాత్రాన ఆరిపోదు, సుమారు 45 శాతం కిందికి వెళ్లేదాకా ద్రవంగానే ఉండిపోతుంది. అందుకే ఒక్కోసారి ఒక్కో అంకె వచ్చింది.

పంపుకు ముందు సిలికా జెల్ నింపిన పొడవాటి గొట్టం పెట్టండి, పీపాలోకీ క్యానులోకీ ఆ పొడి గాలే వెళ్లాలి. లోపల తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి ఉంచండి. 40 దాటితే ఆగండి. జెల్ రంగు మారాక 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. దాన్ని వేయించడానికి వంట పెనం వాడకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. నారింజ రంగుది దొరికితే అదే కొనండి.

---

సిరొంచ_ఒడ్డు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా) | జూలై 14, ఉదయం 11:20

చదువుతూ ఉన్నాను. ఒక ప్రశ్న. పీఎం 10 (10 మైక్రాన్ల దాకా ఉన్న ధూళి) అంకెను కూడా ఈ పీపాలోనే సరిచూడవచ్చా?

---

బల్లార్షా_గనులు | జూలై 14, మధ్యాహ్నం 1:45

కుదరదు అన్నా. నీటి సాంద్రత ఉన్న 10 మైక్రాన్ల కణం సెకనుకు 3 మిల్లీమీటర్లు కిందికి పడుతుంది. మీటరు ఎత్తు నుంచి ఐదారు నిమిషాల్లో నేల మీద ఉంటుంది. ఒక మైక్రాన్ కణానికి అదే ఎత్తు దిగడానికి సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. చిన్న కణాలను పీపాలో నిలపవచ్చు, పెద్దవాటిని నిలపలేం. వాటికి పైనుంచి ఆగకుండా పొడి చల్లే ఏర్పాటు కావాలి, అది వేరే చర్చ. పైగా ఈ చిన్న సెన్సార్లు పెద్ద కణాలను నిజంగా చూసేది చాలా తక్కువ, చిన్నవాటిని చూసి పెద్దవాటిని ఊహించి చెబుతాయి. ఆ అంకె మీద నేను నమ్మకం పెట్టుకోను.

---

బరంపురం_అలారం | జూలై 14, రాత్రి 9:15

టీచర్ గారూ, మరీ తక్కువ గాఢతలో ఒక్క క్షణం అంకెను పట్టుకోకండి. కణాలు వానచినుకుల్లా వస్తాయి, వరుసలో రావు. వంద కణాలు లెక్కిస్తే పది అటూ ఇటూ సహజం, అంటే పది శాతం. పది వేలు లెక్కిస్తే వంద అటూ ఇటూ, ఒక్క శాతమే. 4 మైక్రోగ్రాముల దగ్గర అంకె ఎగురుతుంటే సెన్సార్ పాడైందనుకోవద్దు, ఎక్కువసేపు సగటు తీయండి. పంపు ఆపేస్తే గాఢత చాలాసేపు నిలకడగా ఉంటుంది, అప్పుడు పది నిమిషాల సగటు తీయవచ్చు.

---

పాత_ప్రయోగశాల | జూలై 14, రాత్రి 9:50

బరంపురం మాటకు ఒకటి కలుపుతాను. తక్కువ గాఢతలో కణాలు ఒకదానికొకటి అంటుకోవడం దాదాపు ఉండదు. ఘనసెంటీమీటరుకు పది లక్షల కణాలు ఉంటే అరగంటలో సగానికి తగ్గుతాయి. పది వేలే ఉంటే అందుకు రెండు రోజులు పైనే పడుతుంది. మీ పీపాలో 15 మైక్రోగ్రాముల దగ్గర ఘనసెంటీమీటరుకు ఉండేవి సుమారు 44 కణాలే. కాబట్టి నిశ్చింతగా సగటు తీసుకోండి.

---

వంశధార_బడి | జూలై 27, రాత్రి 8:55

రెండు వారాలు ఆలస్యమైంది, క్షమించండి. సిలికా జెల్ విశాఖపట్నం నుంచి తెప్పించాను. ఇప్పుడు పీపాలో తేమ 30 శాతం దగ్గర నిలుస్తోంది. నాలుగు సిరంజిలు వదిలితే మూడుసార్లూ 50, 60 మధ్యనే వచ్చింది.

ముందు సున్నా సంగతి. శుభ్రమైన గాలిలో కొండ బడి సెన్సార్ 11 దగ్గర ఆగిపోయింది, గంటన్నరైనా దిగలేదు. మిగతావి వరుసగా 0, 3, 0, 6, 1. బల్ల మీద వచ్చిన పాత అంకెల్లోంచి వీటిని తీసేశాం. 21, 7, 12, 9, 16, 11 కాస్తా 10, 7, 9, 9, 10, 10 అయ్యాయి. ఈ తీసివేత నల్లబల్ల మీద చేస్తుంటే పిల్లల ముఖాలు చూడాలి. ఆరో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క. దీనికోసం మేం నెలన్నర బాధపడ్డాం.

తరవాత గీతలు. కొండ బడి సెన్సార్ గీత 60 నుంచి మిగతావాటితో పాటు దిగుతూ వచ్చి, ఇరవై దగ్గర వంగి, పదకొండు దగ్గర చదునైపోయింది. మీరు చెప్పిన కూడికపు తప్పు అచ్చంగా అలాగే కనిపించింది. బస్టాండు సెన్సార్ గీత నిటారుగానే ఉంది, కానీ మొదటి నుంచి చివరి దాకా మిగతావాటికి కింద సమాంతరంగా నడిచింది. అన్నిచోట్లా మూడో వంతు తక్కువ చెబుతోంది.

రెండింటినీ విప్పి చూశాం. కొండ బడి దాని లోపల, లేజరు దారి పక్కన, చిన్న పురుగు కళేబరం ఉంది. కాంతి దాని మీద పడి ఎప్పుడూ కొంత చెదురుతోందన్నమాట. బ్రష్‌తో తీసేశాక సున్నా పరీక్షలో 1 వచ్చింది. బస్టాండు దాని గాలి ద్వారం దుమ్ము, నూలు పోగులతో సగం మూసుకుపోయింది. శుభ్రం చేశాక దాని గీత మిగతావాటి దగ్గరికి వచ్చింది, పూర్తిగా కలవలేదు. దానికి 1.1తో గుణించాలని పక్కన రాసి అంటించాం.

నిన్న కొండ బడికి వెళ్లాను. ఆ అమ్మాయికి పురుగును కాగితంలో పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. తరవాత వాళ్ల నల్లబల్ల మీద జూన్ నుంచి ఉన్న అంకెలన్నీ ఒక్కొక్కటిగా చెరిపి, ప్రతిదాంట్లోంచి పదకొండు తీసేసి మళ్లీ రాసింది. పురుగు ఎప్పుడు చొరబడిందో మనకు తెలియదు కదా, జూన్ మొదట్లో ఆ తీసివేత సరైనదేనా అని అడిగింది. నిజమే. పాత అంకెల పక్కన ప్రశ్నార్థకం పెట్టమన్నాను.

---

పాత_ప్రయోగశాల | జూలై 27, రాత్రి 9:30

ఆ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. ఇక నుంచి నెలకొకసారి సున్నా పరీక్ష చేయించండి. దానికి పీపా కూడా అక్కర్లేదు, హెపా గుండా వచ్చే గాలిని నేరుగా సెన్సార్ ద్వారం దగ్గరికి పట్టండి. అప్పుడు పురుగు ఏ నెలలో వచ్చిందో తెలుస్తుంది.

---

మహేంద్రతనయ | జూలై 27, రాత్రి 10:05

మేడమ్, వచ్చే ఆదివారం గుణుపురం రైలుకు నేనూ వస్తాను. గీతలు చేత్తో గీసే పని లేకుండా అంకెలు వాటంతట అవే కంప్యూటర్‌లో చేరే ఏర్పాటు చేస్తాను. పిల్లలకు సంవర్గమాన కాగితం మీద గీయడం మాత్రం మాన్పించకండి, నాకు ఈ చర్చతోనే అది అర్థమైంది.

---

బల్లార్షా_గనులు | జూలై 28, ఉదయం 7:20

టీచర్ గారూ, ఇంత శ్రద్ధగా చేస్తారని అనుకోలేదు, చాలా సంతోషంగా ఉంది. నా మాట మీద నేను ఉన్నాను, పోడు పొగకు వేరే పోలిక కావాలి. మా అత్తగారిది పర్లాకిమిడి, దసరాకు వస్తాం. ఈలోగా నా సెన్సార్ ఒకదాన్ని చంద్రపూర్ కేంద్రం పక్కన నెల రోజులు పెట్టి పోల్చి తెస్తాను. మీ ఆరింటితో కలిపి పీపాలో వేలాడదీద్దాం. ఉప్పుతో ఒకసారి, ఎండుటాకుల పొగను క్యానులో పట్టి పలుచన చేసి ఇంకోసారి.

---

వంశధార_బడి | జూలై 28, రాత్రి 8:40

తప్పకుండా రండి. ఏడో కొక్కెం బిగించి ఉంచుతాను. ఆకులు సేకరించే పని కొండ బడి పిల్లలు తీసుకున్నారు. పోడులో ఏ ఆకులు ముందు కాలుతాయో వాళ్లకే తెలుసు.